సభామర్యాద

పాలమూరు మెట్టసీమలో కల్వకుర్తి ఒక ముఖ్యమైన పట్టణం. 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలోను, ఆనాటి నుండి నాగర్‌కర్నూల్ జిల్లాలోను ఉన్న ఈ ప్రాంతం తరతరాలుగా వానను నమ్ముకొని జీవించిన నేల. చేరువనే దుందుభి ఉన్నా అది వానలను బట్టి పారే నది. ఇటువంటి సీమలో పొలం పని ముగిసిన సాయంకాలాలలో పల్లె ప్రజలకు మాటే ఆటవిడుపు. వేపచెట్టు నీడన రాళ్ళు పేర్చి కట్టిన అరుగు మీద చేరి, వాన రాకడ మొదలుకొని భారతకథ వరకు అన్నింటినీ ముచ్చటించుకోవడం వారికి అలవాటు. ఆ అరుగునే రచ్చకట్ట అంటారు.

'రచ్చ' అనే మాట వద్ద కొంచెం నిలిచి ఆలోచించవలసి ఉంది. వీధి అనే అర్థం గల 'రథ్య' అనే సంస్కృత పదం నుండి ఇది వచ్చింది. పదిమంది కూడే చోటు రచ్చ. 'ఇంట గెలిచి రచ్చ గెలువు' అనే సామెతలో ఉన్నది ఈ అర్థమే. అయితే నేటి వ్యవహారంలో రచ్చ చేయడమంటే గొడవ చేయడం. సభకూ, కలహానికీ ఒకే మాట పేరుగా నిలిచింది. పదిమంది చేరిన చోట ఈ రెండింటికీ నడుమ గల దూరం చాలా తక్కువ. ఆ దూరాన్ని కాపాడేదే సభామర్యాద.

జీవనోపాధి కోసం చేసే పనిలో మనిషికి యజమాని ఉంటాడు, వేళ ఉంటుంది, కూలి ఉంటుంది. ఇష్టంతో చేరే గోష్ఠిలో ఇవేవీ ఉండవు. పద్యం మీద ప్రీతి గలవారు, భజనపాటలు నేర్చుకొనేవారు, పాత నాణేలు సేకరించేవారు, పక్షులను గమనించేవారు తమ తీరిక వేళలను ఒకచోట చేర్చి ఆనందాన్ని పంచుకొంటారు. అక్కడికి రమ్మని ఎవరూ నిర్బంధించరు. కనుకనే అక్కడ మనసు నొచ్చినవాడు తిరిగి రాడు. రానివాడు ఎందుకు రాలేదో చెప్పి వెళ్ళడు. అతని చోటు ఖాళీ అయిన సంగతి కూడా చాలాకాలం ఎవరికీ తెలియదు. ఇష్టంతో ఏర్పడిన గోష్ఠులు జ్ఞానం కొరవడి నశించడం అరుదు. కొత్తవారు రావడం మానివేయడం వల్లనే అవి క్షీణిస్తాయి.

కల్వకుర్తిలో ఇంటర్మీడియట్ చదివే ఒక విద్యార్థి తొలిసారిగా ఒక పద్యగోష్ఠికి వెళ్ళాడని అనుకొందాం. రాత్రంతా మేల్కొని వ్రాసుకొన్న ఆటవెలదిని వణికే గొంతుతో చదువుతున్నాడు. మూడవ పాదంలో యతి తప్పింది. ఒక పెద్ద మనిషి పద్యం పూర్తికాక ముందే నవ్వి, యతి తెలియనివాడికి పద్యమెందుకని అన్నాడు. సభ అంతా నవ్వింది. ఆయన చెప్పిన దోషం నిజమే. కాని ఆ విద్యార్థి ఇంటికి తీసుకొని వెళ్ళింది యతి నియమాన్ని కాదు, ఆ నవ్వును. మరొక పెద్ద మనిషి పద్యం ముగిసే వరకు ఆగి, "భావం బాగుంది బాబూ. మూడో పాదంలో మాత్రం యతి కుదరలేదు. నాలుగో గణం మొదటి అక్షరం ఒకసారి చూసుకో. వచ్చే వారం మళ్ళీ చదువు" అని ఉంటే ఫలితం వేరుగా ఉండేది. ఇద్దరూ ఎత్తిచూపిన దోషం ఒక్కటే, ఇద్దరి పాండిత్యమూ ఒక్కటే. ఒకరి మాట వల్ల గోష్ఠి ఒక కవిని కోల్పోయింది, మరొకరి మాట వల్ల ఒక కవిని పొందగలిగేది.

చర్చలోని ఈ మంచిచెడ్డలను మన పూర్వులు ఎంతో సూక్ష్మంగా పరిశీలించారు. గౌతముని న్యాయశాస్త్రం చర్చను మూడు విధాలుగా విభజించింది. సత్యాన్ని తెలుసుకోవడానికి చేసేది వాదం. ఎలాగైనా గెలవాలనే కోరికతో చేసేది జల్పం. తనకంటూ ఒక పక్షం లేకుండా ఎదుటివాని మాటను ఖండించడమే పనిగా పెట్టుకొన్నది వితండ. నేడు వాదం అనే మాటను మనం తగవు అనే అర్థంలో వాడుతున్నాం గాని, శాస్త్రం దృష్టిలో వాదం ఉత్తమమైనది. గురుశిష్యులు కూర్చుండి చేసేది కూడా వాదమే. అందులో ఓడినవాడు కూడా లాభం పొందుతాడు, ఎందుకంటే అంతకుముందు తెలియని సంగతి ఒకటి అతనికి తెలిసింది. జల్పంలో గెలిచినవానికి గెలుపు తప్ప మరేమీ దక్కదు.

ఒక చర్చ వాదంగా మొదలై, జల్పంగా మారి, వితండగా ముగియడానికి ఎంతోసేపు పట్టదు. ఆ జారుడు మెట్ల మీద చేయి అడ్డుపెట్టి ఆపడానికి ఒకరు ఉండాలి. తెలుగువారి ప్రత్యేక సాహిత్య ప్రక్రియ అయిన అవధానం ఈ అవసరాన్ని గుర్తించి అతనికొక పీఠం కల్పించింది. ఆయనే సంచాలకుడు.

అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు అవధాని ఏకాగ్రతను ఎనిమిది వైపుల నుండి పరీక్షిస్తారు. ఒకరు సమస్యను ఇస్తారు, ఒకరు దత్తపదిని ఇస్తారు, మరొకరు వర్ణన అడుగుతారు. చూసేవారి కళ్ళు అవధాని మీదనే ఉంటాయి. కాని సభ సాగడానికి కారణమైనవాడు సంచాలకుడు. ఎవరి తరువాత ఎవరు అడగాలో ఆయన చెబుతాడు. పృచ్ఛకుడు తన హద్దును దాటితే సున్నితంగా వెనుకకు పిలుస్తాడు. సభలో అలజడి రేగితే చల్లారుస్తాడు. పద్యం చెప్పడం ఆయన పని కాదు. పద్యం పుట్టడానికి తగిన నిశ్శబ్దాన్ని కాపాడడం ఆయన పని. సభ ముగిసిన తరువాత జనం అవధానిని మెచ్చుకొంటూ వెళ్ళిపోతారు. సంచాలకుడు బాగా పనిచేసిన సభలో ఆయన ఉన్నట్లే తెలియదు.

అవధానంలోని నియమాలలో రెండింటిని ప్రత్యేకంగా గమనించాలి. మొదటిది నిషిద్ధాక్షరి. అవధాని ఒక అక్షరం పలికినప్పుడు తరువాత రాగల అక్షరాన్ని ఊహించి పృచ్ఛకుడు దానిని వద్దంటాడు. అన్ని అక్షరాలనూ ఒకేసారి నిషేధిస్తే పద్యం పుట్టదు. ఏ అక్షరాన్నీ నిషేధించకపోతే పరీక్ష లేదు. దారిని మళ్ళించేంత నిషేధం ఉండాలి గాని దారిని మూసివేసేంత ఉండకూడదు. చర్చలకు కట్టుబాట్లు ఏర్పరచే పెద్దలందరూ గుర్తుంచుకోదగిన కొలత ఇది.

రెండవది అప్రస్తుత ప్రసంగం. సభలో ప్రస్తుతానికి సంబంధం లేని మాటలు మాట్లాడేవాడు ఎక్కడైనా ఒకడు ఉంటాడు. అవధానం అతనిని తరిమివేయలేదు. అతనికి కూడా ఒక ఆసనం వేసి, పృచ్ఛకుడనే గౌరవాన్ని ఇచ్చింది. అయితే అతడు చమత్కరించవచ్చు గాని అవమానించరాదు. అవధానిని కవ్వించవచ్చు గాని సభను చెడగొట్టరాదు. అల్లరికి ఒక చోటు చూపి, ఆ చోటుకు ఒక హద్దు గీసిన ఈ ఏర్పాటులో ఎంతో లోకజ్ఞానం ఉంది. హాస్యం లేని గోష్ఠి ఎండిపోతుంది. హాస్యమే గోష్ఠి అయితే విషయం కొట్టుకొనిపోతుంది.

ఇటువంటి సభలు పాలమూరు సీమకు కొత్త కాదు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాలు పండితులను ఆదరించాయి. విద్వాంసుల రాకపోకల వల్ల గద్వాలకు విద్వద్గద్వాల అనే పేరు వచ్చింది. అవధాన విద్యకు విశేష ప్రచారం కల్పించిన తిరుపతి వేంకటకవులు కూడా ఈ సంస్థానాలను దర్శించి సత్కారాలు పొందారు.

అయితే పాండిత్యం ఉన్నచోట మర్యాద దానంతట అదే వస్తుందని భావించరాదు. ఆ తిరుపతి వేంకటకవులకూ, కొప్పరపు సోదరకవులకూ నడుమ చెలరేగిన వివాదం తెలుగు సాహిత్యచరిత్రలో ప్రసిద్ధమైనది. ఇరుపక్షాలూ ఆశుకవిత్వంలో ఉద్దండులే. కాని ఆ పోరులో కవిత్వచర్చ మరుగునపడి వ్యక్తుల మీది నిందలు ముందుకు వచ్చిన సందర్భాలు ఉన్నాయి. అంతటి పెద్దలే అదుపు తప్పగలిగినప్పుడు సామాన్యులకు హద్దు అవసరమని వేరుగా చెప్పనక్కరలేదు.

సభామర్యాదను పాటించకపోతే కలిగే నష్టం ఎంతటిదో తెలంగాణ చరిత్రలో ఒక సంఘటన చాటి చెబుతున్నది. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధని నాటకశాలలో సంఘసంస్కరణ సభ జరిగింది. స్త్రీవిద్య కోసం జీవితాన్ని అర్పించిన మహర్షి కార్వే ఆ సభకు అధ్యక్షులు. వక్తలు వేర్వేరు భాషలలో మాట్లాడుతున్నారు. అల్లంపల్లి వేంకటరామారావు అనే న్యాయవాది లేచి తెలుగులో ప్రసంగం ప్రారంభించగానే సభికులలో కొందరు గేలిచేశారు, అల్లరి చేసి ఆయన మాట సాగనివ్వలేదు. సంస్కరణ కోసం చేరిన సభలో, మహనీయుడొకరు అధ్యక్షపీఠం మీద ఉండగానే, తన మాతృభాషలో మాట్లాడిన మనిషి మాట వినబడకుండా పోయింది.

ఆ అవమానం తెలుగువారి మనసులలో నాటుకొన్నది. 1921 నవంబరు 12న కొందరు తెలుగువారు కూడి ఆంధ్రజన సంఘాన్ని స్థాపించారు. అది క్రమంగా పెరిగి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభగా రూపొందింది. దాని తొలి సమావేశం 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది. మరుసటి సంవత్సరం నల్లగొండ జిల్లా దేవరకొండలో జరిగిన రెండవ సమావేశానికి బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షత వహించారు. 1899లో కల్వకుర్తికి సమీపంలోని పడకల్ గ్రామంలో జన్మించి, అనేక భాషలలో పండితుడై, 1952లో హైదరాబాదు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన బూర్గుల ఈయనే.

ఈ కథలో సంతోషించదగిన అంశం ఉన్నది, విచారించదగిన అంశమూ ఉన్నది. అవమానం పొందినవారు చెదరిపోకుండా ఒక సంఘంగా నిలబడటం సంతోషకరం. కాని అన్ని అవమానాలూ ఉద్యమాలు కావు. గేలి చేయబడిన ప్రతి వక్త వెనుకా నలుగురు మిత్రులు చేరరు. చాలామంది మౌనంగా కూర్చుండిపోతారు. ఆ మౌనానికి తేదీ ఉండదు, చరిత్ర దానిని వ్రాసుకోదు.

సభను అదుపులో పెట్టడమంటే నోళ్ళు మూయించడమని కొందరు పొరబడతారు. ఈ రెండింటికీ గల భేదం ఆ కాలపు చరిత్రలోనే స్పష్టంగా కనిపిస్తుంది. నిజాం పాలనలో గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు అమలులో ఉండేది. దాని ప్రకారం సభ జరపాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి పొందాలి. ఆ ఉత్తర్వు పని మాట పుట్టకుండా చూడటం. సంచాలకుని పని పుట్టిన మాట పదిమందికీ వినబడేట్లు చూడటం. ఉత్తర్వు బలవంతుణ్ణి కాపాడింది. సంచాలకుడు కాపాడవలసింది గొంతు చిన్నదైన వానిని. ఒక కట్టుబాటు మంచిదో కాదో తెలుసుకోవాలంటే అది ఎవరికి అండగా నిలుస్తున్నదో చూస్తే చాలును.

ఎదుటివారి మాట గాయపరచినప్పుడు ఎలా బదులివ్వాలో కూడా పాలమూరు బిడ్డయైన సురవరం ప్రతాపరెడ్డి ఆచరించి చూపారు. ఆయన 1926లో గోలకొండ పత్రికను స్థాపించారు. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాట ఒకటి ఆ రోజులలో వినబడింది. కోపం తెప్పించే మాట అది. తిట్టుకు తిట్టు అనుకొంటే పత్రిక చేతిలోనే ఉన్నది. సురవరం ఆ దారి తొక్కలేదు. ఊరూరా ఉన్న కవుల నుండి వారి వివరాలను, రచనలను సేకరించారు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. ఆ సంచికతోనే ఆ మాటను తుడిచివేశారు. నిందకు నిందతో బదులిచ్చి ఉంటే ఆ తగవు నాలుగు వారాలలో మరుగునపడేది. నిదర్శనంతో ఇచ్చిన బదులు ఇప్పటికీ గ్రంథాలయాలలో నిలిచి ఉన్నది.

సభను నడపడం పుట్టుకతో వచ్చే విద్య కాదనడానికి మరొక దేశపు ఉదాహరణ ఉన్నది. 1863లో అమెరికాలోని న్యూ బెడ్‌ఫర్డ్ పట్టణంలో హెన్రీ మార్టిన్ రాబర్ట్ అనే సైనిక ఇంజనీరును ఒక చర్చి సమావేశానికి అధ్యక్షత వహించమన్నారు. ఆయనకు ఆ పని తెలియదు. సమావేశం అదుపు తప్పి గందరగోళంగా మారింది. సిగ్గుపడిన రాబర్ట్, సభానిర్వహణను నేర్చుకోనిదే మరొక సభకు వెళ్ళరాదని నిశ్చయించుకొన్నాడు. ఏళ్ళ తరబడి చేసిన ఆ కృషి 1876లో సభానియమాల గ్రంథంగా వెలువడింది. ఒకరు మాట్లాడుతుండగా మరొకరు మాట్లాడరాదు, ఒక వేళ ఒకే విషయాన్ని చర్చించాలి, సభ్యుడు సభ్యునితో నేరుగా తగవుపడక అధ్యక్షుని ఉద్దేశించి మాట్లాడాలి అనేవి అందులోని మూల సూత్రాలు. అవి లోకంలోని ఎన్నో సంఘాలకు మార్గదర్శకాలయ్యాయి. తన వైఫల్యాన్ని ఇతరుల మీదికి నెట్టక నేర్చుకోవడం మొదలుపెట్టినందువల్లనే ఆ సైనికుడు లోకానికి ఉపకారి కాగలిగాడు.

నియమాలను గ్రంథాలు చెప్పగలవు గాని వాటికి ప్రాణం పోసేది మనిషి స్వభావమే. గోష్ఠిలో చేరినవాడు మొదట కొంతకాలం వినాలి. ఒక ప్రశ్న అడిగే ముందు అది అంతకుముందే చర్చకు వచ్చిందేమో తెలుసుకోవాలి. అలా తెలుసుకోక అడిగిన కొత్తవానికి పాతవారు విసుగుకొనక సమాధానం చెప్పాలి. మొదటిది కొత్తవాని మర్యాద, రెండవది పాతవాని మర్యాద. ఒకదానిని కోరుతూ రెండవదానిని మరచినచోట పెద్దరికం పెత్తనంగా మారుతుంది. చెప్పదలచిన దానిని క్లుప్తంగా చెప్పాలి, ఎందుకంటే సభలోని కాలం అందరి సొత్తు. ఇతరుల మాటను తన మాటగా చెప్పుకోరాదు. దోషాన్ని విమర్శించాలి గాని దోషం చేసినవాని కులాన్ని, ఊరిని, యాసను తడవరాదు. సభలో చెప్పవలసిన దిద్దుబాటు ఏదో, చాటుకు పిలిచి చెప్పవలసినది ఏదో గుర్తెరగాలి. తన తప్పు తెలిసినప్పుడు ఒప్పుకోవాలి. తప్పు ఒప్పుకొన్నవానిని తిరిగి పొడవకపోవడం మిగిలినవారి ధర్మం.

పీఠం మీద కూర్చున్నవాని బాధ్యత ఇంకా పెద్దది. అందరికీ విధించిన నియమం ముందు తనకు వర్తించాలి. తన మిత్రుడు హద్దు దాటినప్పుడు కూడా తనకు గిట్టనివాడు దాటినప్పుడు పలికిన స్వరంతోనే పలకాలి. ఈ ఒక్క పరీక్షలోనే పెక్కుమంది తప్పుతారు. తప్పిన క్షణం నుండి వారి మాటకు అధికారం ఉంటుంది గాని గౌరవం ఉండదు. ఎవరినైనా సభ నుండి పంపివేయవలసి వస్తే అది చివరి మార్గం కావాలి. దానికి కారణం చెప్పాలి, తిరిగి వచ్చే దారి చూపాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, సభలో మాట్లాడుతున్నవారిని మాత్రమే గాక మాట్లాడనివారిని కూడా చూడగలగాలి. చివరి వరుసలో పెదవి కదిపి ఆగిపోయిన మనిషిని గుర్తించి, "నువ్వేదో చెప్పాలనుకొన్నావు, చెప్పు నాయనా" అని పిలవగలిగినవాడే నిజమైన సంచాలకుడు.

కాలం మారింది. కల్వకుర్తి చుట్టుపక్కల పల్లెలలోను రచ్చకట్ట మీద చేరేవారు తగ్గారు. ముఖాలు చూసుకోకుండానే మాటలు పంచుకొనే సాధనాలు చేతికి వచ్చాయి. అరుగు మీద కూర్చున్నప్పుడు ఎదుటివాని కంట నీరు తిరిగితే మాటను మధ్యలోనే ఆపివేసేవాళ్ళం. ఆ కన్ను కనబడనిచోట మాటను ఆపవలసింది మన మనసే. అందువల్ల మర్యాద అవసరం పెరిగిందే గాని తగ్గలేదు.

నోరు మంచిదైతే ఊరు మంచిదని పెద్దలు అంటారు. ఈ సామెతలో మొదటి మాట ఒక్కరిది, రెండవది అందరిది. ఊరు మంచిది కావాలని కోరుకోవడం సులభం. దాని కోసం తన నోటిని అదుపులో పెట్టుకోవడం కష్టం. పద్యంలో యతి తప్పిన ఆ విద్యార్థి రేపటి గోష్ఠికి మళ్ళీ వస్తాడా, రాడా అనేది అతని ప్రతిభ మీద ఆధారపడి లేదు. ఆ సభలో అతని తరువాత మాట్లాడబోయే మనిషి మీద ఆధారపడి ఉంది. ఏదో ఒకనాడు, ఏదో ఒక సభలో, ఆ మనిషి మనలో ప్రతి ఒక్కరమూ అవుతాము.